కింది వాటా మోటారు

జూన్ 6

ఫ్యూజు తమ్ముడికి,

నీకేం, బాగానే ఉంటావు. గని గేటు దగ్గరే ఫోను తీసేసుకుంటారు కాబట్టి నిన్ను విసిగించేవాళ్లు లేరు. మందుగుండు ఉన్నచోట ఫోన్లు కూడదన్నావు, సరే అన్నాను. కానీ వారానికోసారి లారీలో వచ్చే ఉత్తరం కోసం కాచుక్కూర్చోవడం నాలాంటి నోటి మనిషికి ఎంత శిక్షో ఎప్పుడైనా ఆలోచించావా?

సంగతేమిటంటే, నా హెడ్‌ఫోన్లలో చప్పుడు వస్తోంది. నవ్వకు. ముందు పూర్తిగా చదువు.

నాకు ఉద్యోగం వచ్చిందని పోయినసారి రాశాను కదా. డాక్టర్లు రోగిని చూశాక వివరాలు చెప్పి రికార్డు చేస్తారు. ఆసుపత్రి నుంచి అవి మా ఆఫీసుకు వస్తాయి, ఆఫీసు నుంచి నాకు వస్తాయి. విని టైపు చేసి పంపాలి. ఇంట్లో కూర్చునే పని. ఈ వయసులో నాకంటూ దొరికిన మొదటి ఉద్యోగం ఇది. మీ బావ ఎవరైనా అడిగితే ‘మా ఆవిడ ఆసుపత్రి పని చేస్తుంది’ అని చెప్పుకుంటున్నాడు, నేనేదో ఆపరేషన్లు చేస్తున్నట్టు.

మూతి దగ్గరికి మైకు వంగి ఉండే హెడ్‌ఫోన్లు ఆఫీసు వాళ్లే పంపారు. సోమవారం సోమవారం అందరం అందులో మీటింగు పెట్టుకుంటాం. మొదటి మీటింగులో నా గొంతు ఎవరికీ వినపడలేదు. నా గొంతు వినపడకపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. సూపర్‌వైజరు సెట్టింగులు తెరవమంది. తెరిచాను. ఏది ఏమిటో తెలిస్తే కదా? కనపడిన గడులన్నిటికీ టిక్కు పెట్టేశాను, జరిపే గీతలన్నీ చివరికంటా జరిపేశాను. అప్పుడు వినపడింది. అందరూ చెవులు మూసుకున్నారట, అది వేరే సంగతి.

అప్పటినుంచో, ఆ తర్వాతనుంచో సరిగ్గా చెప్పలేను గానీ, డాక్టరు మాట వెనక ఒక హోరు. కుళాయి సన్నగా వదిలేసినట్టు ఆగకుండా వస్తుంది. మధ్యమధ్యలో గుర్రుమంటుంది. ఆ గోలలో మొన్న ఒకాయన కుడి కన్ను అంటే నేను ఎడమ కన్ను అని కొట్టాను. ఆసుపత్రి వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. సూపర్‌వైజరు మర్యాదగానే చెప్పింది, ఇంకోసారి ఇలాగైతే ఫైళ్లు పంపడం కష్టమండీ అని. ఆ మర్యాదకే నాకు చచ్చినంత పనైంది.

నువ్వు ఇంత పెద్ద గనికి కరెంటు నడుపుతున్నావు, మీ అక్క చెవిలో హోరు ఆపలేవా? వెంటనే రాయి.

కింది వాటాలో టైలరు, ఆయన భార్య దిగారు. నెమ్మదస్తుడు. నా కుర్చీకి మెత్త కుట్టమని పాత కర్టెను గుడ్డ ఇచ్చాను. గట్టి కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పడిపోతోంది.

చెవులు చిల్లులు పడుతున్న
మీ అక్క

జూన్ 14

రేడియో అక్కకి,

ఉత్తరం అందింది. క్యాంటీనులో చదివి పగలబడి నవ్వాను. పక్కన తింటున్నవాడు ఏమైందని అడిగాడు. మా అక్క చెవిలోకి ఎవరో దూరారట అని చెప్పాను. పని చేస్తూ కూడా నోట్లో ఏదో ఒకటి గొణుగుతూనే ఉంటావని నాన్న నీకు రేడియో అని పేరు పెడితే, ఇప్పుడు రేడియోకే గరగర వచ్చింది చూడు.

సరే, పనిలోకి వద్దాం. హెడ్‌ఫోన్ల పిన్ను కంప్యూటరుకి ముందువైపు పెట్టి ఉంటావు. తీసి వెనకవైపు పెట్టు. కంప్యూటరునీ ఫ్రిజ్జునీ ఒకే బోర్డుకు తగిలించకు. పిన్ను మీద దుమ్ముంటే పొడిగుడ్డతో తుడువు. ఇవన్నీ చేశాక కూడా తగ్గకపోతే ఆ దేవుడే దిక్కు అనుకోకు, అసలు విషయం ఇప్పుడు చెప్తున్నాను.

కింద టైలరు దిగాడని రాశావు. కుట్టుమిషనుకి మోటారు పెట్టుకునే ఉంటాడు. ఆ బుల్లి మోటార్లలో బొగ్గు ముక్కలుంటాయి, బ్రష్షులంటాం. అవి అరిగితే లోపల నిప్పురవ్వలు లేస్తాయి. ఆ గోలంతా కరెంటు తీగ ఎక్కి ఇల్లంతా తిరుగుతుంది. ఇక్కడ పంపు మోటారు ఒకటి అలాగే చేసి మా వైర్‌లెస్సు సెట్లన్నీ గరగరమనిపించింది. నేను పట్టుకునేదాకా ఎవరికీ తెలియలేదు. మా ఇంజనీరు నా భుజం తట్టాడు కూడా.

నీ దగ్గరా నూటికి నూరుపాళ్లు అదే. అనుమానం అక్కర్లేదు. నా మాట మీద వెళ్లి అడుగు. మా తమ్ముడు ఎలక్ట్రీషియను, వాడే చెప్పాడు అని చెప్పు. బ్రష్షులు మార్చుకోమను, లేదా నువ్వు పని చేసుకునేటప్పుడు మోటారు ఆపుకోమను. నోరు మాత్రం అదుపులో పెట్టుకుని అడుగు. నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. బూట్లు ఆరడం లేదు. బావని అడిగానని చెప్పు.

నీ కరెంటు తమ్ముడు

జూన్ 21

తమ్ముడూ,

నీ తెలివి బంగారం కానూ. నువ్వు అన్నట్టే కింద మోటారు ఉంది. నువ్వు చెప్పినవన్నీ చేసి, పిన్ను వెనక పెట్టి, తుడిచి, అయినా తగ్గక, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని విన్నాను. ఆయన మిషను గుర్రుమన్నప్పుడల్లా నా చెవిలోనూ గుర్రుమంది. ఇంకేం కావాలి?

కిందికి వెళ్లాను. నోరు అదుపులోనే పెట్టుకున్నాను. మొదటిరోజు. మా తమ్ముడు పెద్ద ఎలక్ట్రీషియను, మీ మోటారే నా పని చెడగొడుతోందని చెప్పాడు అన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని లేచి నిలబడ్డాడు. “అలాగా అమ్మా, నాకు తెలీదు. మీకు ఇబ్బంది అవుతోందని ముందే చెప్పాల్సింది” అన్నాడు. సాయంత్రానికల్లా మిషను కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. మర్నాడు బ్రష్షులు కూడా మార్చాడట. తగ్గలేదు. ఆ సంగతి చెబితే, నా పని గంటల్లో మోటారు బెల్టు ఊడదీసి కాలితో తొక్కుకుంటానన్నాడు. మోకాలు బాగోలేకే మోటారు పెట్టించుకున్నానని ఏదో అన్నాడు గానీ నేను అంతగా పట్టించుకోలేదు. నాకు నా ఫైళ్ల గొడవే సరిపోయింది.

గుర్రు తగ్గింది. హోరు పోలేదు. పైగా కొత్తది ఒకటి మొదలైంది. చెప్తే నమ్మవు. ఎవరో గుసగుసలాడుతున్నారు. నేను టైపు చేస్తుంటేనే వస్తుంది, ఆపి చెవులు రిక్కిస్తే ఆగిపోతుంది. మాటలు తెలియవు, డాక్టరు గొంతు కింద పడి నలుగుతుంటాయి. కింద వాళ్లిద్దరూ నా గురించే అనుకుంటున్నారని నా అనుమానం. వాళ్ల మాటలు తీగలోంచి పైకెక్కుతాయా? నువ్వే చెప్పాలి.

నిన్న ఇక ఉండబట్టలేక దిగి వెళ్లాను. మోటారు మిషనుకి తగిలించే ఉంది. అడిగితే, సాయంత్రం వాడతానమ్మా, ఇప్పుడు బెల్టు లేదు చూడండి అన్నాడు. నేను వస్తున్న చప్పుడు విని బెల్టు తీసేసి ఉంటాడు కదా? అదే అన్నాను. అబద్ధాలు ఆడకండి, నాకు చెవులున్నాయి అన్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు ఇద్దరు అక్కడే ఉన్నారు. ఆయన భార్య గుండీలు కుడుతూ ఒకసారి ఆయన వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. ఆయన మాట్లాడలేదు. తప్పు లేనివాడైతే మాట్లాడడా?

రాయి.

అక్క

జూన్ 27

అక్కా,

ఈ ఉత్తరం అందగానే ఇంకెవరితోనూ ఏమీ అనకు. ముందు చివరిదాకా చదువు.

మోటారు గుసగుసలాడదు. నాకు తెలిసిన మోటారేదీ నువ్వు టైపు చేసినప్పుడు మాట్లాడి, ఆపినప్పుడు ఊరుకోదు. నీ మొదటి ఉత్తరం మళ్లీ తీసి చదివాను. మైకు ఉందని రాశావు. గడులన్నిటికీ టిక్కు పెట్టానని రాశావు. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకుని దాటేశాను. నాకు తెలిసింది మోటార్లు కాబట్టి నాకు మోటారే కనపడింది.

ఇక్కడ ఆఫీసు గదిలో కంప్యూటరు చూసే గుమాస్తా ఉన్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. సగంలోనే చెప్పేశాడు. మైకులో పడిన చప్పుడు హెడ్‌ఫోన్లలో తిరిగి వినిపించే గడి ఒకటి ఉంటుందట. దానికి టిక్కు ఉంటే గదిలో చీమ చిటుక్కుమన్నా నీ చెవిలో పడుతుందట. మైకు బలం పెంచే గీత చివరికంటా జరిపితే ఆ హోరు వస్తుందట. ఆ టిక్కు తీసెయ్. గీత వెనక్కి జరుపు. అంతే.

నువ్వు విన్న గుర్రు కింది మోటారుదే కావచ్చు, కానీ అది వచ్చింది తీగలోంచి కాదు, కిటికీలోంచి. ఆయన మోటారు ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆ గుసగుసలు ఎవరివో నేను చెప్పక్కర్లేదనుకుంటాను.

కొండ దారిలో మట్టి విరిగిపడి లారీ దిగడం లేదంటున్నారు. ఇది ఎప్పుడు చేరుతుందో తెలియదు. నువ్వు ఆయన మీద మళ్లీ వెళ్లకుండా ఉంటే చాలు.

తమ్ముడు

జూలై 3

తమ్ముడూ,

నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. నేను రాసింది అందిందో లేదో. నువ్వు పలకకపోతే నేనే ఏదో ఒకటి చేసుకోవాలి కదా, చేశాను.

ఆదివారం పైవాటా ఓనరమ్మకి చెప్పాను. ఆవిడకి ఎప్పటినుంచో కింది గది సామాన్లు వేసుకోవడానికి కావాలి. నేను నోరు తెరవడమే ఆలస్యం, అందుకుంది. “మీరు చెప్పారు కాబట్టి నమ్ముతున్నానండీ, మీ తమ్ముడు కరెంటు పనివాడు కదా” అంది. నా పేరు, నీ పేరు రెండూ వాడుకుని ఆయన్ని వెళ్లమంది.

నేను వెళ్లగొట్టమనలేదురా. ఆ గోల ఆపమన్నాను, అంతే. కానీ అక్కడ నిలబడి ఆ మాట మాత్రం అనలేదు.

నిన్న వెళ్లిపోయారు. తోపుడుబండి మీద మిషను, రెండు పెట్టెలు, ఒక పరుపు. మోటారుని ఆయన గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. నేను కర్టెను చాటు నుంచి చూశాను. ఆయన భార్య ఆయనతో కలిసి నడవలేదు, బండికి అటువైపు నడిచింది. పైకి చూడలేదు ఇద్దరూ. ఆయన కుంటుతున్నాడు. ఇదివరకు కుంటేవాడో లేదో నాకు గుర్తు లేదు.

మీ బావ అన్నం తింటూ ఒకే ఒక్క మాట అన్నాడు. “చెప్పులు కూడా చప్పుడు కాకుండా విడిచేవాడు ఆ మనిషి.” అంటే తప్పు నాదనా? నా ఉద్యోగం పోతే ఆయన చెప్పులు నాకు కూడు పెడతాయా? అదే అడిగాను. మీ బావ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

రేపటినుంచి ప్రశాంతంగా పని చేసుకుంటాను. నువ్వు చెప్పింది నిజమేనని అందరికీ తెలుస్తుంది.

అక్క

జూలై 5

తమ్ముడూ,

ఈ ఉత్తరం చదివి చింపెయ్. ఎవరికీ చదివి వినిపించకు.

నిన్న ఉదయం కూర్చున్నాను. కింద తాళం. మిషను లేదు, మోటారు లేదు, మనుషులు లేరు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. హోరు అలాగే ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. నా నోరు నీకు తెలుసు కదా. పోతూ పోతూ కూడా ఏదో తగలేసి పోయాడు దొంగవెధవ, అని తిట్టాను. పైకే తిట్టాను.

ఆ తిట్టు నా చెవిలో పడింది.

బయట నుంచి కాదురా. హెడ్‌ఫోన్లలోంచి. రెప్పపాటు ఆలస్యంగా, హోరు వెనక నుంచి, నా గొంతే, నా యాసే, ‘దొంగవెధవ’ అని. ఎవరో నన్ను పిలిచినట్టు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు. మెల్లగా మళ్లీ అన్నాను. మళ్లీ వచ్చింది. చిటిక వేస్తే చిటిక. కుర్చీ జరిపితే కుర్చీ. అప్పుడు డాక్టరు గొంతు పెట్టి టైపు చేశాను. గుసగుస మొదలైంది. నేను కొట్టే ప్రతి మాటా నా నోరు నెమరేస్తోంది, మైకు దాన్ని పట్టి నా చెవిలో పోస్తోంది. ఇన్నాళ్లూ నా గొణుగుడు విని, కింద ఇద్దరు మనుషులు నన్ను ఆడిపోసుకుంటున్నారని కుతకుత ఉడికిపోయాను.

సెట్టింగులు తెరిచి ఒక్కొక్క టిక్కూ తీస్తూ వచ్చాను. ఒకటి తీయగానే మొత్తం పోయింది. అంతే పని. ఆ తర్వాత డాక్టరు మాట ఎంత శుభ్రంగా వినపడిందంటే, మాటకీ మాటకీ మధ్య ఆయన నీళ్లు తాగిన గుటక కూడా తెలిసింది. నాకు సంతోషం వేయాలి కదా. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వాటి వైపు చూడలేక గుడ్డ కప్పాను.

మధ్యాహ్నం నువ్వు జూన్ 27న రాసిన ఉత్తరం వచ్చింది. ముందే వచ్చి ఉంటే అని అనుకోబోయాను. ఏం లాభం? ఉత్తరం ఆలస్యమైంది గానీ, నా నోరు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. అంతమందిలో ఆయన్ని అబద్ధాలకోరు అన్నది నేను. ఆయన మాట్లాడకపోతే అదీ తప్పు కిందే రాసుకున్నది నేను.

మీ బావకి ఇంకా చెప్పలేదు.

అక్క

జూలై 15

అక్కా,

రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. నువ్వు చింపమన్నది చింపలేదు. అది నా దగ్గర ఉండాలి.

నువ్వొక్కదానివే తల దించుకోకు. అరిగిన బ్రష్షులు అన్నది ఎవరు? నూటికి నూరుపాళ్లు అన్నది ఎవరు? ఇక్కడ ఏ మోటారునైనా మూత విప్పి చూడకుండా పాడైందని రాస్తే నన్ను ఆ పూటే గేటు బయట నిలబెడతారు. ఆ మనిషి మోటారుని మాత్రం ఇంత దూరం నుంచి, నువ్వు రాసిన ఒక్క ముక్క చూసి, పాడైందని తేల్చేశాను. మా ఇంజనీరు భుజం తట్టాడని కూడా రాశాను. ఆ వాక్యం గుర్తొస్తే అన్నం సహించడం లేదు. బాగున్న బ్రష్షులు ఊడదీసి కొత్తవి వేయించాడు చూడు, అది నా మాట విని చేసిన పని.

ఆయన ఎక్కడున్నాడో కనుక్కో. వెళ్లి చెప్పు. మా తమ్ముడు చూడకుండా చెప్పాడు, తప్పు చెప్పాడు అని నా మాటగా చెప్పు. ఓనరమ్మకి కూడా చెప్పాలి. ఇది ఉత్తరంలో అయ్యే పని కాదు, నాకేమో సెలవు లేదు. నీకే పడింది.

తమ్ముడు

జూలై 22

తమ్ముడూ,

వెళ్లాను. చెప్పలేదు.

బజారులో గుడ్డల కొట్టు పక్కన, మెట్ల కింద ఆయన మిషను ఉంది. మెట్లు ఎక్కేవాళ్ల కాళ్లు ఆయన తల మీదుగా వెళ్తుంటాయి. అక్కడ కరెంటు ప్లగ్గు లేదు. తొక్కుతున్నాడు. ఒక కాలితో తొక్కి, అది నొప్పి పుట్టగానే రెండో కాలు మార్చుకుంటున్నాడు. నేను కొట్టు అద్దం ముందు నిలబడి ఏదో బేరమాడుతున్నట్టు నటిస్తూ చాలాసేపు చూశాను.

చివరికి ఆయనే చూశాడు. “రండమ్మా, మీ మెత్త అయిపోయింది” అన్నాడు. నా పాత కర్టెను గుడ్డతో కుట్టిన మెత్త, తాళ్లతో సహా, కుర్చీ కాళ్లకు కట్టుకునేలా. ఇచ్చి పంపిద్దామనుకున్నానమ్మా, పైకి వస్తే మీరేమనుకుంటారోనని ఆగాను అన్నాడు.

అప్పుడు అడిగాడు. “ఇప్పుడు మీ పని బాగా సాగుతోందా అమ్మా?”

బాగా సాగుతోంది అన్నాను.

చూశావా నేను చేసింది? ఆయన వెళ్లాక చప్పుడు పోయిందని నా నోటితో నేనే ఆయన ముందు చెప్పినట్టు అయింది కదా. ఆయన తల ఊపాడు. “పోనీలెండి, మీకైనా బాగుంది” అన్నాడు. మెత్త పట్టుకుని ఇంటికి వచ్చేశాను. కుర్చీకి కట్టలేదు. బీరువాలో పెట్టాను. బీరువా తెరిచినప్పుడల్లా కనిపిస్తోంది.

నేను ఇంత అన్యాయం చేసిన మనిషికి నిజం చెప్పడం ఇంత కష్టమని తెలిస్తే అసలు నోరే విప్పేదాన్ని కాదు.

అక్క

జూలై 30

అక్కా,

పెద్ద ఉత్తరం రాయను. ఆయన ఇప్పుడు తన మోటారే చెడ్డదని నమ్ముతున్నాడు. దాన్ని అమ్మేస్తాడు, లేదా మూల పడేస్తాడు, జీవితాంతం తొక్కుతూనే ఉంటాడు. నీకు సిగ్గుగా ఉందని ఆయన మోకాలి నొప్పి ఆగదు.

నువ్వు తిట్టినప్పుడు అందరి ముందూ తిట్టావు. ఇప్పుడూ అలాగే చెప్పు. మెత్త బీరువాలోంచి తీసి కుర్చీకి కట్టుకో, దాని మీద కూర్చోగలిగేదాకా నాకు రాయకు.

కోపంతో కాదు. నాకూ అలాగే ఉంది కాబట్టి.

తమ్ముడు

ఆగస్టు 7

తమ్ముడూ,

మెత్త మీద కూర్చునే రాస్తున్నాను. ముందు సులువైనవి చెప్తాను. ఓనరమ్మకి చెప్పాను. అయ్యో అలాగా, అయితే రమ్మనండి అంది, అంత తేలిగ్గా. ఆయన రానన్నాడు. మర్యాదగానే. గుడ్డల కొట్టాయన మెట్ల కిందికి తీగ లాగి ప్లగ్గు పెట్టిస్తానన్నాడట. నీకు సెలవు దొరికినప్పుడు వచ్చి ఆ మోటారు చూడు. ఈసారి మూత విప్పి, కళ్లతో చూసి చెప్పు. మీ బావకి అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. కాఫీ పెట్టి తెచ్చిచ్చాడు, దానికంటే తిడితేనే నయం.

ఇక అసలు సంగతి.

ఆ మెట్ల దగ్గరికి మళ్లీ వెళ్లాను. కొలతలు ఇచ్చేవాళ్లు ఉన్నారు. వెళ్లిపోయేదాకా ఆగుదామనుకున్నాను. నీ ఉత్తరం గుర్తొచ్చి ఆగలేదు. మీ మోటారులో ఏ లోపమూ లేదండీ, నా కంప్యూటరులో నేనే ఒక గడికి టిక్కు పెట్టి నా గదిలో చప్పుడు నేనే విన్నాను, మా తమ్ముడు కూడా చూడకుండా చెప్పాడు, మీరు అబద్ధం ఆడలేదు, నేనే అన్యాయంగా అన్నాను అని, ఊపిరి తీసుకోకుండా అనేశాను. ఆయన కాలు తొక్కుడు పలక మీదే ఉండిపోయింది. కోప్పడతాడని చూశాను. చాలాసేపు సూదిలో దారం సర్దాడు.

“మా ఆవిడకి చెప్తారా అమ్మా?” అన్నాడు.

అర్థం కాలేదు నాకు. అప్పుడు చెప్పాడు. “మీ పని గంటల్లో, తను ఇంట్లో లేనప్పుడు నేను మోటారు వేశానని తను అనుకుంటోంది. అంత పెద్ద ఎలక్ట్రీషియను చెప్పాడంటే ఊరికే చెప్తాడా, నువ్వు ఒప్పుకుని ఉంటే ఇల్లు పోయేది కాదు కదా అంటుంది. నేను వెయ్యలేదంటే నమ్మదు. గట్టిగా ఏమీ అనదు. మాట్లాడటం తగ్గించేసింది.”

అప్పుడు తెలిసింది తోపుడుబండికి అటువైపు ఆవిడ ఎందుకు నడిచిందో. నేను వాళ్ల వాటా ఒక్కటే ఖాళీ చేయించాననుకున్నాను.

మర్నాడు ఆవిడని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆయనా వచ్చాడు, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. చెప్పులు విడిచిన చప్పుడు కూడా లేదు. ఆవిడని నా కుర్చీలో కూర్చోబెట్టాను. మాటలతో చెప్తే నమ్ముతుందో లేదో, చేసి చూపిద్దాం అనుకున్నాను. తీసేసిన ఆ టిక్కు మళ్లీ పెట్టాను. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి, మైకు నా వైపు తిప్పుకున్నాను. హోరు వస్తోందా అని అడిగితే తల ఊపింది. చూడండి, కింద ఎవరూ లేరు, మోటారు లేదు, అయినా వస్తోంది అన్నాను. మళ్లీ తల ఊపింది.

ఇక మిగిలింది చెప్పాలి. ఆవిడ మొహం చూస్తూ చెప్పలేక గోడ వైపు తిరిగాను. మైకు దగ్గరికి వంగి, గోడ మీద మేకు చూస్తూ, మీ ఆయన మోటారు వెయ్యలేదండీ, ఒక్కసారి కూడా వెయ్యలేదు, అబద్ధం ఆడింది నేను అన్నాను. నా మాట ఆవిడ చెవిలో పడుతోందని తెలుసు. అంతమంది ముందు అంత గట్టిగా తిట్టిన నా గొంతు అక్కడ గుసగుసలాగే వచ్చింది.

తర్వాత హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టిన చప్పుడు వినపడింది.

“ఇందులో వద్దమ్మా” అంది ఆవిడ. “ఇటు తిరిగి చెప్పండి. ఆయన కూడా ఇక్కడే ఉన్నాడు.”

తిరిగాను.

అక్క